పొయ్యి లేని బంగళా

ఊరి పేరు రాయను. ముందే చెప్పేస్తున్నాను. రాస్తే వచ్చే ఆదివారానికల్లా ఫొటోలు దిగడానికి కార్లు వేసుకొని బయల్దేరే జనం నాకు తెలుసు, మా బంధువుల్లోనే బోలెడుమంది ఉన్నారు. చర్ల దాటాక, తారు రోడ్డు అయిపోయాక, ఒక వాగుకి ఇవతల గుట్టమీద ఉంది ఆ బంగళా. అంతవరకు తెలిస్తే చాలు.

నేను తెనాలిదాన్ని. సర్కారు కట్టడాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. పాత ఇళ్లంటే పిచ్చి. గానుగలో రుబ్బిన సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి కట్టిన గోడ కనిపిస్తే ఆగి తట్టి చూడకుండా పోలేను. పెళ్లిళ్లకు వెళ్లినా అంతే. అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటే నేను గోడలు చూస్తుంటాను.

శ్రీకాంత్ ఖమ్మం మనిషి. ఒకప్పుడు నా దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్నాడు, ఇప్పుడు పాత కట్టడాలు బాగుచేయడమే అతని వృత్తి. అడవి తనిఖీకి వచ్చే తెల్లదొరల కోసం ఎప్పుడో కట్టిన ఆ బంగళా పని అతనికి వచ్చింది. దొరలు ఎలాగూ రారు కాబట్టి, వాగు అవతలి కోయ గూడేల్లోని గర్భిణులు నెలలు నిండగానే వచ్చి కాన్పు దాకా ఉండటానికి దాన్ని సిద్ధం చేశారు. వానలు పడితే వాగు పొంగుతుంది, పొంగితే వాళ్లకు దవాఖానాకు దారి ఉండదు. ముందే ఇవతలికి వచ్చి బంగళాలో ఉంటే, నొప్పులు రాగానే బండి ఎక్కించి తీసుకుపోవచ్చు. ఇంతకన్నా మంచి పని ఏముంటుంది?

పని పూర్తయి రెండు నెలలైంది. ఒక్క మనిషీ ఒక్క పూట కూడా అందులో పడుకోలేదు.

"ఏం తప్పు చేసిన్నో నాకు సమజైతలేదు మేడమ్," అన్నాడు ఫోన్లో. "వస్తరు, గేటు కాడ నిలబడి చూస్తరు, పోతరు. ఇంకో రెండు వారాలైతే వానలు మొదలైతయి. మీరొక్కసారి వచ్చి చూడుండ్రి."

రోహిణి కార్తె. మిట్టమధ్యాహ్నం వీధిలో కాకి కూడా ఉండటం లేదు. "ఈ ఎండల్లో అడవులు పట్టుకొని పోతావా, బుద్ధుందా నీకు?" అంది మా చెల్లెలు. లేదని ఒప్పుకొని సంచి సర్దుకున్నాను.

ఖమ్మం

ఖమ్మంలో కాఫీ అడగడం నా తప్పే. హోటలాయన చక్కెర పాకంలాంటిదేదో గ్లాసులో పోసుకొచ్చి, "మంచిగున్నదా అమ్మా?" అని పక్కనే నిలబడ్డాడు. అంత ఆప్యాయంగా అడిగితే బాగాలేదని ఎలా అంటాం? గుటుక్కున మింగాను. ఆ తర్వాత యాత్ర అంతా టీ మీదే బతికాను.

శ్రీకాంత్ ఇడ్లీ ప్లేట్లు పక్కకు జరిపి ల్యాప్‌టాప్ తెరిచాడు. పని మొదలుపెట్టక ముందు తీసిన ఫొటోలు, పూర్తయ్యాక తీసినవి. ముందు ఫొటోల్లో కప్పు సగం కూలి ఉంది, గోడల్లోంచి రావి మొక్కలు పొడుచుకొచ్చాయి. బంగళా వెనక గోడకు ఆనించి ఒక మట్టి పంచ, దాని లోపల గోడ నిలువునా మసి. తర్వాతి ఫొటోల్లో అదంతా మాయం. తెల్లటి గోడ పాలమీగడలా మెరుస్తోంది.

"మీరు చెప్పినట్టే చేసిన మేడమ్. ఎనకాల పంచ తీసేసినం. మసి గీకుడుకే మూడు వారాలు పట్టింది."

నిజమే, చెప్పింది నేనే. పాత కట్టడాలు బాగుచేసే మాకు ఒక పట్టింపు ఉంటుంది. మొదట కట్టినవాడు కట్టింది మిగలాలి, తర్వాత ఎవరెవరో అతికించినవి పోవాలి. ఫోన్లో ఫొటో చూసి, "ఏమిటయ్యా ఆ పంచ, పట్టుచీరకి గోనెపట్టా అతుకు వేసినట్టు? పీకించెయ్," అన్నాను. ఇప్పుడు ఆ తెల్లగోడ చూసి, "శభాష్," అని అతని భుజం తట్టాను. అంతటితో ఆగానా? పక్క బల్ల మీద దోసె తింటున్న ఆయన్ని కూడా పిలిచి ఆ గోడ చూపించాను. ఆయన మర్యాదగా, "బాగుందండి, ఏ కంపెనీ పెయింటు?" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

తల్లాడ దగ్గర

తల్లాడ దాటుతుంటే రోడ్డు పక్కన మామిడిపళ్ల బుట్టలు కనపడ్డాయి. జీపు ఆపించాను. పళ్లమ్మే ఆవిడ పేరు కోటమ్మ. నేను ఒక్కో పండు ముచ్చిక దగ్గర వాసన చూస్తుంటే చీరకొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది.

"ఏంది అమ్మా, అంత అనుమానం? మందు పెట్టినయి కావు. మా తోటల్నే, గడ్డిల మాగేసినం."

కిలో అరవై అంది. మా తెనాలిలో అయితే అరగంట బేరం ఆడేదాన్ని. ఇక్కడ నోరు తెరిచేలోపే ఒక పండు కోసి చేతిలో పెట్టింది, తిన్నాక ఇక బేరమేమిటి? రసం మోచేతి దాకా కారింది. కడుక్కోవడానికి నీళ్లు అడిగితే, రోడ్డుకి ఆనుకొనే ఉన్న తన ఇంటికి తీసుకుపోయింది. కొత్త ఇల్లు, గోడలు ఇంకా పచ్చివాసన వేస్తున్నాయి. లోపల గ్రానైటు గట్టు, గ్యాసు పొయ్యి, అద్దాల అలమార. పెరట్లో మాత్రం మట్టి పొయ్యి, దాని మెడకు ఎండిన మామిడాకుల తోరణం.

"గ్యాసుంది కదమ్మా, మళ్లీ ఇదెందుకు?" అన్నాను.

"గ్యాసు రోజు వండుకునేటందుకు. ఇల్లు జొరబడ్డనాడు పాలు దీనిమీదనే పొంగిచ్చినం. మా అత్త పట్టు. నిప్పు పుట్టకుంటే ఇల్లు ఇల్లెట్లయితది అన్నది."

నేను తలూపి, ఆమె గోడకు పడ్డ బీట చూపించి, క్యూరింగు సరిగా చేయలేదని క్లాసు పీకాను. ఆమె పొయ్యి గురించి చెప్పిన మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. ఇంజనీర్లతో వచ్చిన చిక్కే ఇది, గోడ కనిపిస్తే మనిషి కనపడదు.

భద్రాచలం

వంతెన మీదినుంచి చూస్తే గోదావరి సన్నగా ఒక పక్కకి ఒదిగి పారుతోంది, మిగతాదంతా ఇసుక. మా కృష్ణా డెల్టా కాలవల పక్కన పెరిగినదాన్ని, అయినా ఈ నది వెడల్పు చూస్తే నోరు మూతపడుతుంది. ఇది నిండితే ఎలా ఉంటుందో ఊహించుకొని భయపడ్డాను.

దర్శనం చేసుకొని మెట్లు దిగుతుంటే తాటిముంజలు కనపడ్డాయి. డజను ఎనభై. అమ్మే తాత లుంగీ ఎగ్గట్టి, కత్తితో కాయ చెక్కుతూ, మేం ఎక్కడికి పోతున్నామో అడిగాడు. చెప్పాను.

"ఆ దొరల బంగళా? నేను వయసుల ఉన్నప్పుడు వెదురు మోయనీకి పోయిన. ముందటి మెట్లు ఎక్కనిచ్చేటోళ్లు కాదు. ఎనకాల నుంచే పోవాలె. ఎనకాల ఒకామె జావ పోసేది."

ఆసక్తిగా ముందుకు వంగాను. అదే సమయానికి ముంజలో వేలు పెట్టి నొక్కాను, నీళ్లు చివ్వున ఎగిరి శ్రీకాంత్ చేతిలోని డ్రాయింగు కాగితం మీద పడ్డాయి. అతను అయ్యో అంటూ కాగితం దులుపుతూ, నేను సారీ చెబుతూ, తాత నవ్వుతూ ఉండగా ఆ కబురు అక్కడే తెగిపోయింది. మరకలు సరిగ్గా బంగళా వెనక వైపు పడ్డాయి. శ్రీకాంత్ ముఖం గంటు పెట్టుకొని ఆ కాగితాన్ని జీపు బానెట్ మీద ఆరబెట్టాడు.

చర్ల దాటాక

మర్నాడు పొద్దున చర్ల దాటాం. దారి పొడుగునా తునికాకు కట్టలు వరసలుగా ఆరబోసి ఉన్నాయి. అడవి దారిలో సీఆర్‌పీఎఫ్ క్యాంపు దగ్గర మా జీపు ఆపారు. తెలుగు వచ్చిన ఒక జవాను నా సంచి తెరిచి, దారానికి వేలాడే ఇనప తూకం బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. గోడ నిటారుగా ఉందో లేదో చూసే పనిముట్టని చెప్పాను. నమ్మినట్టు లేదు. క్యాంపు గోడకే పట్టి చూపించాను. గోడ బొటనవేలెడు బయటికి వాలి ఉంది.

"మా శ్రీకాకుళంలో ఇల్లు కడతన్నామండి. మా నాయన ఒక్కడే సూసుకుంటన్నాడు. ఇలాటిది ఎక్కడ దొరుకుద్దండి?" అన్నాడు జవాను, గొంతు మార్చి. చీటీ మీద రాసిచ్చాను. ఎవరిల్లు వాళ్లకు బెంగ. ఆ తర్వాత రోడ్డు రాళ్లమీద ఎగిరి ఎగిరి, నా నడుము నాది కాకుండా పోయాక, గుట్టమీద ఎర్ర పెంకుల కప్పు కనపడింది.

గుట్టమీద

చెప్పొద్దూ, నా కళ్లు చెమర్చాయి. ఎత్తైన రాతి అరుగు, మూడు పక్కలా వసారా, టేకు దూలాలు. లోపలికి వెళ్లి వేలి కణుపుతో గోడ తట్టుకుంటూ గది గదీ తిరిగాను. గుల్ల చప్పుడు ఎక్కడా లేదు. ఆరు మంచాలు, ఆరు దోమతెరలు, ఫ్యాన్లు, స్నానాల గదిలో నున్నటి గచ్చు. తప్పు పట్టడానికి ఒక్కటీ దొరకలేదు. దుప్పట్ల మడతలు కూడా విప్పకుండా ఉన్నాయి.

గేటు దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకామె ఆశా కార్యకర్త రాములమ్మ, నలభై అయిదేళ్లుంటాయి, చంకలో రిజిస్టరు. రెండో ఆమె మంగి, నిండు నెలల మనిషి, చేత్తో నడుము పట్టుకొని నిలబడింది. పక్కన గొడుగు పట్టుకొని ఆమె భర్త. మంగి గదుల వైపు చూడటం లేదు. తలెత్తి కప్పుకేసి చూస్తోంది, ఈ చివరినుంచి ఆ చివరిదాకా. పాత పెంకులు ఏరి ఏరి మళ్లీ కప్పించిన శ్రీకాంత్ పనితనం చూస్తోందని నేను మురిసిపోయాను.

"లోపలికి రామ్మా," అన్నాను. మంగి భర్తతో కోయలో ఏదో అంది. ఇద్దరూ వెనక్కి తిరిగి గుట్ట దిగిపోయారు.

రాములమ్మ మాత్రం వచ్చి మెట్టుమీద కూలబడింది. "నిరుడు గిట్లనే నెలలు నిండినయి మేడమ్ దానికి. నొప్పులొస్తే మంచం మీద మోస్కొని వచ్చినం. వాగు నిండుగ పారుతాంది. నీళ్లు తగ్గుతయి, తగ్గుతయి అని గట్టుమీద కూసున్నం. బిడ్డ ఆన్నే పుట్టింది. ఆన్నే పోయింది. నా చేతులల్లనే." రిజిస్టరు ఒళ్లోకి జార్చి రెండు అరచేతులూ నాకు చూపించింది. "ఇప్పుడు మల్ల నెలలు. మల్ల వానలు. ఇది ఈన్న పండకుంటే నేనేం జేయాలె?"

నాకు గోడల సంగతి తెలుసు, ఇది తెలియదు. దొరలంటే పాత భయమేమో అన్నాను. శ్రీకాంత్ కూడా అదే అనుకుంటున్నానన్నాడు. రాములమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మా అవ్వ వస్తాంది. ఆమెనే అడుగుండ్రి," అంది.

క్యారియర్ భోజనం

మధ్యాహ్నం దగ్గర్లోని బడిపిల్లల హాస్టల్ వంటింటినుంచి క్యారియర్ వచ్చింది. గర్భిణులకు కూడా తిండి అలాగే తెప్పించే ఏర్పాటు. బంగళాలో పొగ రాకూడదు, సున్నం గోడ పాడవుతుందని శ్రీకాంత్ నియమం. ఆ నియమం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వేరే చెప్పాలా?

వసారాలో కూర్చొని గిన్నెలు విప్పుతుంటే రాములమ్మ తల్లి జోగమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. ముందు మెట్లవైపు రాలేదు, చుట్టూ తిరిగి వెనకనుంచే వచ్చింది. మట్టి పంచ ఉండిన చోట ఇప్పుడు సిమెంటు బిళ్లలు పరిచి ఉన్నాయి. వాటిమీద నిలబడి కర్రతో ఒకసారి తట్టింది.

"తీసెయ్యమన్నది నువ్వేనా బిడ్డా?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నేనేనమ్మా," అన్నాను.

"నా పెనిమిటి ఈడ కావలి ఉండె. తెల్లోళ్లు పోయినంక వచ్చిన ఆఫీసరు దొరలు ముందల పండేటోళ్లు, మేము ఎనక. గోదారి పొంగిన ఏడు గూడెం గూడెమంత ఈ పంచల్నే తలదాసుకున్నం. వంద మందికి ఒక్క పొయ్యి. ఈ రాములమ్మ ఈన్నే పుట్టింది. ఇంక నలుగురు పుట్టిన్రు. ఒక్కలు పోలే." ఆగి ఊపిరి తీసుకుంది. "మాకు ఇల్లంటే పంచనే. ముందటిది దొరలది."

"ఇప్పుడు అంతా మీదే కదవ్వా," అన్నాడు శ్రీకాంత్.

"మాదైతే పొయ్యి ఏడుంది, సూపియ్యి."

"పొయ్యి లేదవ్వా. తిండి మేమే తెప్పిస్తం."

"అవ్, తెప్పిస్తరు," అంది జోగమ్మ, నా ముందున్న గిన్నెలను కర్రతో చూపించి. "గట్ల తిండి ఎప్పుడు తెస్తరు? ఇంట్ల మనిషి పోయినప్పుడు. పొయ్యి ఎలగని ఇల్లు ఎవలిది? సచ్చినోళ్లది. కడుపుల బిడ్డ ఉన్నది, ఒక బిడ్డను పోగొట్టుకున్నది, అది వచ్చి గీ ఇంట్ల పండాల్నా?"

నేను ముద్ద గిన్నెలో పెట్టేశాను.

మా ఆయన పోయినప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. చుట్టాలు క్యారియర్లు తెచ్చారు. రోజూ మధ్యాహ్నం ఆ గిన్నెలు విడదీసే చప్పుడు వినపడగానే నాకు ఏడుపు వచ్చేది, ఆయన లేడని అప్పుడే కొత్తగా తెలిసినట్టు. తెనాలిలో అయినా, ఈ గుట్టమీద అయినా ఆ చప్పుడొకటే. అంతా అనుభవించినదాన్ని, నాకెందుకు తట్టలేదు? మంగి కప్పుకేసి ఎందుకు చూసిందో అప్పుడు అర్థమైంది. పెంకులు చూడలేదు. వాటి మీద పొగ ఉందేమోనని చూసింది.

"మరి నువ్వెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను రాములమ్మతో. కోపం నామీద, గొంతు ఆమెమీద.

"పొయ్యి పెట్టుమని చెప్పిన. సారు వంటకే అనుకొని, పెద్ద మేడమ్ వద్దన్నది అన్నడు. పెద్ద మేడమ్ ఎవలో ఇయ్యాలనే సూస్తున్న."

శ్రీకాంత్ తలొంచుకున్నాడు. పాపం, అతనిదేముంది? పాఠం నాది.

పుట్టమన్ను

మర్నాడు పొద్దున్నే నేనే మొదటి సిమెంటు బిళ్ల గునపంతో లేపాను. శ్రీకాంత్ ముంజనీళ్ల మరకలున్న ఆ డ్రాయింగు పట్టుకొని నా వెంట తిరిగాడు.

"మేడమ్, ప్లాన్ల పంచ లేదు. రేపు చెకింగ్‌కు వస్తే ఏం చెప్పాలె?"

"ఇటివ్వు," అని కాగితం లాక్కొని, సరిగ్గా ఆ మరకలమీద పెన్నుతో నలుచదరం గీశాను. లోపల 'పొయ్యి' అని రాసి, కింద సంతకం పెట్టి, నా పాత హోదా కూడా రాశాను. ముందు 'రిటైర్డ్' అని చిన్న అక్షరాల్లో. శ్రీకాంత్ మొదటిసారి నవ్వాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి తనే బిళ్లలు లేపాడు.

గూడెంలోంచి మగవాళ్లు వెదురు తెచ్చి గుంజలు పాతారు, తడికలు అల్లారు. అమ్మలక్కలు పుట్టమన్ను తవ్వి బుట్టల్లో మోసుకొచ్చి, ఊక కలిపి, పేడనీళ్లు పోసి కాళ్లతో తొక్కారు. నేను ఊరుకుంటానా? పొయ్యి నేను పెడతానన్నాను. మా అమ్మ పెట్టడం చూసిన జ్ఞాపకంతో నడుము వంచి గంటసేపు మట్టి రుద్ది, మూడు గడ్డలు తీర్చి, వెనక్కి జరిగి గర్వంగా చూసుకున్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఒకామె కోయలో ఏదో అంది, అందరూ ఘొల్లుమన్నారు.

"ఏమంటున్నారు?" అన్నాను.

రాములమ్మ నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంది. "గాలి గోదారి దిక్కు నుంచి వస్తది మేడమ్. గిట్ల పెడితే పొగ అంత పండుకున్నోళ్ల కండ్లల్లకు పోతది. అన్నం గాదు, మనుషులు ఉడుకుతరు అంటున్నది."

నా గంట శ్రమను ఒక్క తాపుతో కూలగొట్టి, పొయ్యి నోరు అవతలికి తిప్పి, పావుగంటలో పెట్టేశారు. ఇంజనీరుగా నాకు దక్కిన పని నీళ్లు మోయడం. మోశాను. ఆ ఎండలో జోగమ్మ దొప్పలో పోసిచ్చిన జొన్న జావ, పక్కన నంజుకోవడానికి చింతచిగురు పచ్చడి. నేను గుంటూరు కారం తిని పెరిగినదాన్ని, ఆ పచ్చడికి ఎక్కిళ్లు వచ్చాయి.

రెండు రోజుల్లో మట్టి ఎండిపోయింది. మూడోరోజు పొద్దున తూర్పున మబ్బు కనపడింది. చినుకు పడలేదు గానీ అందరి చూపూ అటే ఉంది. జోగమ్మ తన ఇంటి పొయ్యిలోంచి నిప్పులు తీసి, పగిలిన కుండ పెంకులో పెట్టుకొని, చల్లారిపోకుండా ఊదుకుంటూ గుట్ట ఎక్కింది. ఎవరు పట్టుకుంటామన్నా ఇవ్వలేదు. కొత్త పొయ్యిలో నిప్పులు పెట్టి చితుకులు వేసి ఊదింది. మంట లేచింది. జావ కాచి, ముందు కొంచెం ఆకులో తీసి పక్కన పెట్టింది. పోయిన పెద్దలకట. పొగ తడికల్లోంచి బయటికి వచ్చి, నిదానంగా ఎర్రపెంకుల మీదికి పాకింది.

అందరం వాగు దిక్కే చూస్తూ నిలబడ్డాం. రాములమ్మ రిజిస్టరును గుండెలకు అదుముకుంది.

ఎంతసేపు చూశామో తెలియదు. వాగు ఇసుకలో మొదట గొడుగు కనపడింది. తర్వాత మంగి. నెత్తిమీద చాపచుట్ట, చంకలో ఒక కోడి. ఆమె వెనక భర్త, భుజాన నులకమంచం.

"మంచాలున్నయి గద! కోడి కూడానా?" అన్నాడు శ్రీకాంత్.

"నోరు మూసుకో," అన్నాను నేను.

మంగి గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి తలెత్తి కప్పుమీది పొగను చూసింది. ముందు మెట్లు ఎక్కలేదు. చుట్టూ తిరిగి వెనకనుంచి వచ్చి, కోడిని వదిలిపెట్టి, పొయ్యి పక్కన చాప పరిచి కూర్చుంది. జోగమ్మ ఆమె చేతికి జావ దొప్ప ఇచ్చింది. రాములమ్మ గోడవైపు తిరిగి కొంగుతో ముఖం కప్పుకుంది. నేను ఆమె వీపుమీద చెయ్యి వేశాను. నాకూ ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

తెనాలి

ఇంటికి వచ్చిన పదకొండో రోజున వానలు మొదలయ్యాయి. మా వీధిలో మోకాలిలోతు నీళ్లు. అక్కడి వాగు గురించి తలుచుకుంటూ రోజంతా ఫోను చేతిలోనే పట్టుకు తిరిగాను. మరునాడు మధ్యాహ్నం రాములమ్మ ఫోన్ చేసింది. గాలి హోరులో సగం మాటలు వినపడలేదు.

"వాగు రెండు గట్లు పట్టి పారుతాంది మేడమ్! పొద్దుగాల నొప్పులొచ్చినయి. బండి ఎక్కిచ్చినం, జల్దీ దవాఖానాకు పోయినం. ఆడపిల్ల. మంచిగ ఏడ్చింది. ఎంత ఏడ్చిందనుకున్నరు!" అని తనూ ఏడ్చింది. నాలుగో రోజున తల్లినీ బిడ్డనూ మళ్లీ బంగళాకే తెచ్చారు, వాగు ఇంకా దిగలేదు. ఆ వారం చివర్లో వాగు కాస్త నెమ్మదించిన పూట చూసుకొని అవతలి గూడెంనుంచి పడవ మీద మరో ఇద్దరు నిండుచూలాళ్లు వచ్చారని, వాళ్లూ చాపలు తెచ్చుకున్నారని మళ్లీ ఫోన్ చేసి చెప్పింది.

నెల తర్వాత శ్రీకాంత్ ఒక ఫొటో పంపాడు. పంచలో పొయ్యి పక్కన మంగి కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది, ఒళ్లో గుడ్డలో చుట్టిన పిల్ల. వాళ్ల వెనక, మూడు వారాలు గీకి తెల్లగా మెరిపించిన ఆ గోడ. పొయ్యి మీదుగా కప్పుదాకా నిలువునా కొత్త మసి.

కింద రాశాడు: "గోడ నల్లగైంది మేడమ్. మళ్ల గీకి సున్నం కొట్టియ్యనా?"

కళ్లజోడు తుడుచుకొని ఫొటో పెద్దది చేసి చూశాను. పిల్ల నిద్రపోతోంది. మసి ఇంకా పలచగానే ఉంది.

"ముట్టుకోకు," అని రాశాను.